అరుపు పరీక్ష

మా ఆసుపత్రిలో పెద్దపెట్టెను తీసేయాలని నిర్ణయించిన రోజు నాకు జ్వరం. జ్వరం రాకపోయుంటే ఆ పని నా మెడకు చుట్టుకునేది కాదు. మీటింగుకు రానివాళ్ల నెత్తిన పని పెట్టడం మా దగ్గర ఆచారం. మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి మా మేనేజరు మెట్ల దగ్గరే నవ్వుతూ ఎదురయ్యారు. ఆయన నవ్వు చూసి జ్వరం మళ్లీ తిరగబెట్టినంత పనైంది.

పెద్దపెట్టె అంటే ఏమిటో ముందు చెప్పాలి. శ్రీకాకుళంలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్నేళ్లుగా తీసిన ఎక్స్‌రేలు, స్కాన్‌లు, రిపోర్టులు అన్నీ మేడ మీద ఒక గదిలో దాచి ఉంటాయి. బీరువా కంటే ఎత్తైన ఇనుప చట్రం, అందులో వరసలుగా బిగించిన డిస్కులు, వెనక జడలల్లినట్టు కేబుళ్లు. తయారుచేసిన కంపెనీ దానికి అంకెలూ అక్షరాలూ కలిపి ఏదో పేరు పెట్టింది గానీ మావాళ్లెవరికీ నోరు తిరగలేదు. పెద్దపెట్టె అన్నారు, అదే స్థిరపడిపోయింది. నేను కంప్యూటర్ విభాగంలో ఉన్నాను కాబట్టి దాని ఆలనాపాలనా నాది. మా అమ్మ బొబ్బిలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కంటే ముందు "నీ పెట్టె ఎలగున్నాదే?" అని అడిగేది. ఆదివారం ఆరాధన మధ్యలో నేను దానికోసం రెండు మూడు సార్లు లేచి పరిగెత్తానని ఆవిడకు దాని మీద కోపం.

ఆ గదిలో ముందువైపు ఏసీ చల్లదనం, వెనకవైపు పెట్టె వదిలే వేడిగాలి. ఎండాకాలంలో మనుషులందరికీ ముందువైపు పనులుండేవి. ఎవరో ఒక డాక్టరు వచ్చి, "ఏటమ్మా, అంతా బావున్నాదా?" అంటూ ఏసీ ముందు నిలబడిపోయేవారు. వానాకాలంలో వెనకవైపు గొడుగులు ఆరేవి. చలికాలంలో క్యాంటీనావిడ ఇడ్లీపిండి గిన్నె తెచ్చి పెట్టెకు వెనకాల పెట్టుకునేది, తెల్లారేసరికి పిండి పొంగుతుందని. నేను ఎన్నిసార్లు బయట పెట్టించినా మళ్లీ ప్రత్యక్షమయ్యేది. చివరికి గిన్నె మీద మూత ఉండాలన్న ఒప్పందానికి వచ్చాం.

ఇప్పుడు కొత్తది వచ్చింది. పాతదానిలో పావు వంతు కూడా లేదు, పట్టేది మాత్రం దానికి ఎన్నో రెట్లు. పాతదానికి విడిభాగాలు దొరకవని కంపెనీ చేతులెత్తేసింది. నా పని ఏమిటంటే, పాతదానిలో ఉన్నవి కొత్తదానిలోకి ఎక్కించాలి, సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకోవాలి, ఆ తర్వాత రోగుల వివరాలు ఎవరి చేతిలోనూ పడకుండా పాత డిస్కులన్నీ తుడిచేసి, కేబుళ్లు పీకి, పెట్టెను కిందికి దింపించాలి. ఇందులో నాకు భయం కలిగించేది తుడవడం ఒక్కటే. తుడిచాక దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు. ఎవరిదో ఒక్కరి స్కాన్ ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేకపోతే, అది నేను తుడిచేస్తే, ఆ మనిషి సంగతేమిటి? ఈ మాట మేనేజరుతో అంటే, "అలాంటివాటికి భయపడితే మనం పెళ్లిళ్లే సేసుకోకూడదండీ" అన్నారు. ఆయన పోలికలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

సరే, విభాగం విభాగానికీ తిరిగి అడిగాను. పెట్టెలో మీకు కావలసినవి ఏమైనా మిగిలాయా, తుడిచేయనా అని. అందరి దగ్గరా ఒకటే జవాబు.

"నాకేటక్కర్లేదు గానీ, ఉంచీండి."

"అక్కర్లేనప్పుడు ఉంచడమెందుకు?"

"పడుంటాది. గడ్డి అడుగుతాదేటి?"

గడ్డి అయితే నయం, అది తాగే కరెంటుతో ఒక వీధి వెలుగుతుంది. మా వైపు ఇళ్లలో పాత తలుపు చెక్కలూ, హ్యాండిల్ ఊడిన సైకిలూ అటక మీద ఎందుకుంటాయో నాకు అప్పుడు బాగా అర్థమైంది. వద్దు అనడానికి ఎవరికీ మనసొప్పదు, రేపెప్పుడో దానితో అవసరం పడుతుందని. నేను కూడా ఆ తాను ముక్కనే. హాస్టల్లో ఉన్నప్పటి బకెట్టు ఇంకా మా ఇంట్లో ఉంది.

ఇక లోపల ఏముందో నేనే కూర్చుని చూశాను. మోకాళ్ల ఎక్స్‌రేల మధ్య ఎవరిదో గృహప్రవేశం వీడియో. గుండె రిపోర్టుల పక్కన నర్సుల క్రిస్మస్ డాన్సు రిహార్సలు, అందులో గొర్రెల కాపరి వేషంలో మా మేనేజరు. ఎముకల విభాగం మొత్తం శ్రీకూర్మం గుడికి వెళ్లి తాబేళ్లకు ఆకుకూర తినిపిస్తున్న ఫొటోలు, ఒక్కో తాబేలుతో ఒక్కొక్కరు విడివిడిగా. మా చర్చి పాటల బృందం రికార్డింగులు కూడా ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయో నన్ను అడగవద్దు.

ఇవన్నీ తేల్చాక ఒక ఫోల్డరు మిగిలింది. దాని పేరు డంప్. చాలా పెద్దది. తెరిస్తే అర్థంకాని అంకెల పేర్లతో ఫైళ్లు, మామూలుగా తెరుచుకోవు. అది పెట్టిన ఇంజినీరు ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఎవర్ని అడిగినా తెలియదన్నారు. మేనేజరుకు మాత్రం తెలిసింది.

"డంపని రాసున్నాది గదండీ. డంపంటే ఏటి? ఊరవతల మున్సిపాలిటీ బళ్లు పోసొచ్చేది ఏటి? సెత్త. రాసి మరీ పెట్టాడు పాపం."

మా విద్యలో డంప్ అంటే ఒకచోటి నుంచి మొత్తంగా తీసి ఇంకోచోట పోసి ఉంచినది అని కూడా అర్థం ఉందని చెప్పాను. అది చెత్త కావచ్చు, బంగారం కావచ్చు. ఆయన వినలేదు. కొత్తదానిలో చోటు చెత్తకు ఇవ్వనన్నారు. వాదించాను. చివరికి ఇద్దరం ఒక పరీక్షకు ఒప్పుకున్నాం. దాన్ని అరుపు పరీక్ష అంటారు. నేను పెట్టిన పేరు కాదు, ఈ పనిలో ఉన్నవాళ్లు ఇంగ్లీషులోనూ ఇలాంటి మాటే వాడతారు. ఎవరికి అవసరమో తెలియని దాన్ని ఆపేసి ఊరుకోవాలి. అవసరమున్నవాడు అరుస్తాడు. ఎవరూ అరవకపోతే ఎవరికీ అక్కర్లేదని లెక్క.

"మన జిల్లాకి ఇంతకంటే మంచి పరీచ్చ నేదండీ," అన్నారు మేనేజరు. ఆ మాట నిజమే. బస్టాండు హోటల్లో రెండోసారి చట్నీ అడిగితే ఆలస్యమైందని వీధి చివరికి వినపడేలా కేకలేసే మనుషులం మనం. ఇక్కడ అరుపు రాలేదంటే నిజంగానే ఏమీ లేదని నమ్మవచ్చు.

నేను కేబుళ్లు మాత్రం పీకుదామన్నాను. ఆయన కరెంటు కూడా ఆపేయమన్నారు. పాత డిస్కులు, ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి, ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతాయని నమ్మకం లేదని చెప్పాను.

"తిరక్కపోతే మరీ మంచిది. తుడిసే పని తప్పుతాది," అన్నారు.

సోమవారం పొద్దున్న ఆపేశాను. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఫోను మోగలేదు. పనిచేస్తోందో లేదోనని రెండుసార్లు ఎత్తి చూశాను.

మర్నాడు పొద్దున్నే అరుపు వచ్చింది. మెట్ల మీంచే వచ్చింది.

"ఓలమ్మో! ఏటి సేసీసినారు నా కొంప!"

క్యాంటీనావిడ. చేతిలో గిన్నె. చలికి పిండి పొంగలేదు. నిన్న రుబ్బింది రుబ్బినట్టే ఉంది. ఎవరిని అడిగి ఆపారు, ఇప్పుడు ఆసుపత్రి మొత్తానికి టిఫిను నువ్వు పెడతావా అని నన్ను ఉతికి ఆరేసింది. నిజానికి పరీక్ష నియమం ప్రకారం ఆవిడ చేసింది సరైన పనే. మేనేజరును పిలిచి, అరుపు వచ్చిందండీ, ఏం చేద్దాం అని అడిగాను. ఆయన గిన్నెలోకి తొంగి చూసి, ఇది వైద్యానికి సంబంధించింది కాదు కాబట్టి లెక్కలోకి రాదన్నారు. ఆ రోజు అందరికీ ఉప్మా.

ఆ తర్వాత ఏమీ లేదు. వారమంతా ఒక్క ఫోను లేదు, ఒక్క కేక లేదు. మేనేజరు రోజూ గుమ్మం దగ్గర నిలబడి, "సూసారా?" అని వెళ్లేవారు. నాకు లోపల పీకుతూనే ఉంది. మా ఊరివాళ్లు ఇంత నెమ్మదస్తులు ఎప్పటి నుంచి అయ్యారు? కాని అనుమానానికి ఆధారం ఏదీ లేదు. తర్వాతి సోమవారం తుడిచేయడానికి ఒప్పుకుని కాగితం మీద సంతకం చేశాను. టీ తాగి వచ్చి మొదలుపెడదామని కిందికి దిగాను.

కింద రికార్డుల కౌంటరు ముందు నుంచి నడుస్తున్నాను. అప్పుడు ఈల వినిపించింది. పిల్లలు వేసే ఈల కాదు, బస్సులో కండక్టరు ఊదే ఈల. ఒక్కటే, పొడుగ్గా. హాలంతా ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. నేనూ ఆగాను. స్ట్రెచరు తోస్తున్న అతనూ ఆగాడు. బెంచీ మీద కునుకు తీస్తున్న ఒక ముసలాయన ఉలిక్కిపడి సంచీ భుజానికి తగిలించుకుని, "ఏ ఊరు? ఏ ఊరొచ్చింది?" అంటూ లేచి నిలబడ్డాడు.

ఈల ఊదింది కౌంటరు ముందున్న ఆవిడ. నలభై అయిదు దాటి ఉంటాయి. నాకు ఆవిడ తెలుసు, అంటే ఆవిడ గొంతు తెలుసు. రాజాం మీదుగా బొబ్బిలి వెళ్లే బస్సులో కండక్టరు. శనివారం సాయంత్రాలు నేను ఆ బస్సులో ఎన్నోసార్లు వెళ్లాను. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి ఆవిడ "ముందుకి జరగండి" అంటే డ్రైవరు కూడా జరగాలనిపించేంత గొంతు. అలాంటి మనిషి ఇప్పుడు నోరు తెరవకుండా ఈల పట్టుకుని నిలబడి ఉంది, కళ్లలో నిప్పులు.

"ఏటమ్మా ఇది, ఆస్పత్రిలో ఈలలేటి?" అంటున్నాడు కౌంటర్లో ఉన్న గుమాస్తా. "సెప్పేను గదా, సర్వర్ డౌను, రేపు రమ్మని."

సర్వర్ డౌను అనే మాట నా చెవిన పడింది. ఏ సర్వర్ డౌనయ్యిందని అడిగాను.

"ఏటో మేడమ్, పాత స్కాన్లడిగితే తెర మీద రాట్లేదు. వారం అయ్యింది."

"వారం నుంచి రాకపోతే పైకి ఫోన్ సెయ్యాలి గదా!"

"సర్వర్ డౌనయితే ఫోనెందుకు మేడమ్?" నిజంగా అర్థం కానట్టే అడిగాడు. "అది అవుతానే ఉంటాది గదా. ఎండ కాస్తన్నాదని ఎవులైనా ఫోన్ సేస్తారేటి?"

అప్పుడు నాకు వెలిగింది. కౌంటర్లో వాడే ప్రోగ్రాము, పాత స్కానింగు మిషను నాటి బొమ్మలు ఎవరైనా అడిగితే, చప్పుడు చేయకుండా ఆ డంప్‌లోకి వెళ్లి తెచ్చేదన్నమాట. మిషను మార్చినప్పుడు దానిలోవన్నీ తీసి అక్కడ పోసి ఉంచారు. అవసరం ఉన్నవాళ్లు వారం రోజులుగా వస్తూనే ఉన్నారు. అరుపు మాత్రం మేడ మీదికి రాలేదు. సర్వర్ డౌను అన్న మాట దగ్గరే చల్లారిపోయింది.

ఆవిడను పక్కకు పిలిచాను. గొంతు మీద చెయ్యి వేసి చూపించి, మాట్లాడకూడదన్నట్టు సైగ చేసింది. నేను చెవి దగ్గరగా పెట్టాను. గాలిలాగా వచ్చింది మాట.

"గొంతులో గడ్డున్నాదమ్మా. పాతదే. అప్పుడు ఇక్కడే స్కాన్ తీసినారు. ఇప్పుడు గొంతు బొంగురుపోయింది. పెరిగిందేటో, అలగే ఉన్నాదేటో పాతది పక్కనెట్టి సూడాలంట డాక్టరు. పెరిగితే ఆపరేషను. ఆపరేషనయితే గొంతు ఉంటాదో పోద్దో సెప్పలేనన్నాడు." చేతిలో ఈల వైపు చూసుకుంది. "గొంతు పోతే నాను కండక్టరెలగవుతాను?"

టీ తాగి వెళ్లి దాన్నే తుడిచేయబోయానని ఆవిడకు చెప్పలేదు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మేనేజరు గుమ్మంలో ఎదురై, మొదలెట్టారా అన్నారు. "అరుపొచ్చింది," అన్నాను. మళ్లీ పిండేనా అని ఆయన అడిగేలోపే తలుపు వేసుకున్నాను.

కరెంటు ఇచ్చాను. ఫ్యాన్లు తిరిగాయి, డిస్కుల వరసలు ఒకటొకటిగా వెలిగాయి. ఒక వరస వెలగలేదు. ఆపి, మళ్లీ వేశాను. వెలగలేదు. చర్చిలో నేను ఎప్పుడూ అంత మనస్ఫూర్తిగా ప్రార్థన చేయలేదు. ఆ ప్రార్థనలో మేనేజరు గురించి నాలుగు మాటలు ఉన్నాయి, అవి ప్రార్థనకు తగినవి కావు. డిస్కులన్నీ తీసి, కనెక్షన్ల దగ్గర దుమ్ము తుడిచి, మళ్లీ ఒత్తి పెట్టాను. మూడోసారి ఆ వరస బద్ధకంగా, కోపంగా, గరగరమంటూ తిరిగింది. పెట్టె పాత మోత గదంతా నిండింది. మోత విని క్యాంటీనావిడ గిన్నెతో హాజరైంది. దాన్ని వెనకాల పెట్టి, మూత సరిచేసి, వెళ్లిపోయింది.

కౌంటర్లో వాడే ప్రోగ్రామునే తెరిచి ఆవిడ రోగి నంబరు కొడితే ఆ డంప్‌లోంచి స్కాన్ వచ్చింది. తెర మీద బూడిదరంగులో ఒక మెడ, మెడలో చిన్న గుండ్రటి మచ్చ. నాకు అందులో ఏమీ అర్థం కాలేదు గానీ దాన్ని చూసి ఏడుపు ఆగలేదు. ఒకటికి మూడు చోట్ల కాపీ చేసి కిందికి పరిగెత్తాను.

డాక్టరు రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నంతసేపూ మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. వారం రోజులు ఊరుకున్నారేమిటి, మొదటి రోజే గొడవ చేసి ఉండాల్సింది కదా అన్నాను. నా గొంతులో కొంచెం కోపం కూడా ఉందేమో.

ఆవిడ నా చెవి దగ్గరకు వంగింది. "రేపు రా అన్నాడు గదమ్మా. బస్సు నిండిపోతే నానూ సెప్తాను, ఎనకాల ఇంకో బండొస్తన్నాది, అది ఖాళీ అని. జనం నమ్మి ఆగిపోతారు." నవ్వు రాబోయి దగ్గు వచ్చింది. "నాలుగో తూరి రేపన్నప్పుడు తెలిసింది. ఎనకాల బండి నేదని."

డాక్టరు పిలిచారు. గడ్డ పెరగలేదు. అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే. ఆపరేషను అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు, గొంతు బొంగురు అరిచి అరిచి వచ్చిందే, నెల రోజులు నోరు మూసుకుంటే తగ్గుతుందన్నారు. నెల రోజులన్న మాట విని ఆవిడ, గడ్డ పెరిగిందని చెప్పినట్టు మొహం పెట్టింది. బయటకు వచ్చాక నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత వెళ్లి బస్సెక్కింది.

మేనేజరు సాయంత్రం నా దగ్గరకు వచ్చి, ఆవిడది దొరికిపోయింది కదా, ఇంక తుడిచేద్దామా అని అడిగారు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. డంప్ మొత్తం కొత్తదానిలోకి ఎక్కింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఆగి, అప్పుడు తుడిచాం. పెట్టెను నలుగురు మోసుకుని దింపారు. మెట్ల మలుపులో గోడకు తగిలి సున్నం రాలితే, క్యాంటీనావిడ పైనుంచి వాళ్లనే తిట్టింది.

కాని నేను చెప్పాలనుకున్నది దానికి ముందు రోజుల సంగతి. డంప్ కాపీ అవుతుంటే నాకు పైన కూర్చోబుద్ధి కాలేదు. ఆ కండక్టరు దగ్గర ఈల ఉంది. లేనివాళ్లు ఎంతమంది వెనక్కి వెళ్లిపోయారో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అందుకని గుమాస్తాను పక్కకు జరిపి కౌంటర్లో నేనే కూర్చున్నాను. కాసేపటికి లుంగీ కట్టుకున్న ఒకాయన వచ్చాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి కార్డు. పాత స్కాన్ కావాలన్నాడు. నేను కార్డు అందుకుని తెర వైపు తిరిగాను, ఇంకా నోరు విప్పలేదు.

"సర్వర్ డౌనేమో కదమ్మా. పర్వానేదు, రేపొస్తాను," అని ఆయన అప్పటికే గుమ్మం వైపు తిరిగిపోయాడు.

"ఎల్లకు బావూ, కూకో. ఉన్నాది, ఇస్తాను," అన్నాను. ఎన్నిసార్లు వచ్చావని అడిగాను. ఆయన మొహమాటంగా నవ్వాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"ఏటి పర్వానేదమ్మా. మాది దగ్గరే."

నంబరు కొట్టాను. తెర మీద ఆయన పేరూ, పేరు కింద ఊరూ వచ్చాయి. ఇచ్ఛాపురం దాటాక ఎక్కడో, బస్సులో మూడు గంటల దూరాన, ఒరిస్సా సరిహద్దులో.